కట్టెల పొయ్యికి వయసు కట్టబోయి

ఈ మధ్య మా పాత ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇద్దరు ఇంజనీర్లు అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లోని మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ తెలుగువాళ్లే. "ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, వెళ్లి నాలుగు విషయాలు తెలుసుకోండి" అని మా యజమాని పంపాడట. కాఫీలయ్యాక వాళ్లలో అమ్మాయి అడిగింది.

"అంకుల్, మీ కెరీర్‌లో బెస్ట్ కేస్ ఏది?"

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఒక పంపు షాఫ్ట్ విరిగిన కథ నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో నేను చాలా తెలివైనవాణ్ణి. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"ఆ పొయ్యి సంగతి చెప్పండి."

"అది బెస్ట్ కేసు కాదు" అన్నాను.

"వాళ్లకి పనికొచ్చేది అదేగా" అంది.

ఆ రోజు వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చెప్పకుండా దాటేసిన రెండు మూడు సంగతులు కూడా కలుపుతున్నాను, ఎందుకంటే కాగితం ఎదురుగా కూర్చుని మన మొహంలోకి చూడదు.

నేను మెటలర్జిస్టుని. విరిగిన ఇనుము ఎందుకు విరిగిందో చెప్పి జీతం తీసుకోవడం నా ఉద్యోగం. మా ల్యాబ్ చిన్నది. మా యజమాని, నేను, ఇంకో ముగ్గురు ఇంజనీర్లు, ఒక టెక్నీషియన్. చుట్టూ చిప్పుల ఫ్యాక్టరీలున్న ఊరు కాబట్టి వాళ్ల వాల్వులు, పైపులు ఎక్కువ వచ్చేవి. మిగతావి ఎవరింటివో స్విమ్మింగ్ పూల్ పంపులు, ట్రక్కుల బోల్టులు. యజమాని మాటలు పొదుపు. ఒక రిపోర్టు బాగుంటే సంతకం పెట్టి ఇచ్చేవాడు, బాగా లేకపోతే సంతకం పెట్టకుండా ఇచ్చేవాడు. అంతే తేడా.

టెక్నీషియన్ యాభై దాటిన ఆవిడ. అరిజోనాలోనే ఉత్తరం వైపు, మంచు పడే కొండల్లో పుట్టి పెరిగింది. శాంపిళ్లు కోయడం, పాలిష్ చేయడం, ఫోటోలు తీయడం ఆమె పని. నాకు పీహెచ్‌డీ ఉన్నందుకు నన్ను "డాక్" అని పిలిచేది. ఆమె మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో నువ్వు, మీరు అనే తేడా లేదు కాబట్టి ఆమె నాకు ఏ పాటి మర్యాద ఇచ్చేదో ఈ రోజుకీ నాకు తెలియదు. నా అంచనా ప్రకారం "నువ్వు" అనే రాస్తాను.

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక అక్టోబరులో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి విచిత్రమైన పని వచ్చింది. ఒక కట్టెల పొయ్యి వయసు చెప్పాలి.

చాండ్లర్ నుంచి రెండు గంటలు ఉత్తరానికి పోతే ఎడారి పోయి పైన్ అడవులు వస్తాయి. అక్కడ చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి చాలామంది ఇనుప కట్టెల పొయ్యిలే వాడతారు. అడవి అంటుకుంటుందనే భయంతో ఇన్సూరెన్స్ వాళ్లు నిబంధనలు బిగించారు. పొయ్యి ఈ కాలానిదై, భద్రతా పరీక్ష పాసైనట్టు లేబుల్ ఉంటే ఉంచుకోవచ్చు. లేబుల్ లేని పురాతన పొయ్యి అయితే పొగగొట్టం ఊడదీసి పక్కన పెట్టాలి, లేదా ఇన్సూరెన్స్ వదులుకోవాలి. ఆ కొండ మీద ఒక ముసలావిడ ఇంట్లో ఉన్న పొయ్యిని ఆమె భర్త ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన చనిపోయాడు. కాగితాలు లేవు. పొగగొట్టాలు శుభ్రం చేసే మనిషి వచ్చి చూసి, లేబుల్ కనబడటం లేదు, నేను చెప్పలేను అని రాసిచ్చాడు. అందుకని మాకు పంపారు.

"కొండ మీద మంచి గాలి కూడా వస్తుంది" అని నేనే చేయి ఎత్తాను. టెక్నీషియన్ కెమెరా తీసుకుని నాతో వచ్చింది.

ఆ ఇంటావిడకి డెబ్బై దాటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్సు చివరి సీటు దాకా వినబడేది. ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో ఇటుకల అరుగు మీద ఆ పొయ్యి. దాని ముందు ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. మేము వచ్చినందుకు అది ఒక కన్ను మాత్రమే తెరిచింది.

పొయ్యి నిజంగా అందంగా ఉంది. నల్లటి పోత ఇనుము. రెండు తలుపుల మీదా తీగలు, పూలు. కింద పందొమ్మిదో శతాబ్దపు పేటెంట్ తేదీ ఒకటి పోసి ఉంది.

కుర్రవాళ్లకి ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. పేటెంట్ తేదీ పొయ్యి పుట్టినరోజు కాదు. ఆ డిజైన్ మీద ఎవరో హక్కు తీసుకున్న రోజు. పొయ్యి అంతకు ముందు పుట్టలేదని మాత్రమే అది చెబుతుంది, ఎంత తర్వాత పుట్టిందో చెప్పదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్పడానికే ఈ కథంతా.

తలుపులకి చిన్న చిన్న కిటికీలున్నాయి. లోపలి మంట కనబడటానికి. నేను మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. అది గాజు కాదు. పొరలు పొరలుగా, లేత తేనె రంగులో, వెలుతురికి మెరిసింది. అభ్రకం.

నాది గూడూరు. నెల్లూరు జిల్లాలో అభ్రకం గనుల ఊరు. మా అమ్మ అక్కడ షెడ్డులో కత్తితో అభ్రకం పొరలు చీల్చేది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతుల మీద, చీర కుచ్చిళ్ల మీద ఆ పొడి మెరుస్తూ ఉండేది. మేము పిల్లలం దాన్ని కాకి బంగారం అనేవాళ్లం. "ఇదంతా ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగితే, "ఓడెక్కి దొరల దేశానికి" అనేది. ఆమె చీల్చిన పొర ఒక్కటైనా ఎక్కడ తేలిందో ఆమెకి తెలియదు. నాకూ తెలియదు. కొండ మీద ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఇంట్లో, మోకాళ్ల మీద కూర్చున్నవాడికి హఠాత్తుగా తెలిసిపోయింది.

అక్కడితో నా బుర్ర పనిచేయడం మానేసింది. కానీ నోరు మానలేదు.

ఇంటావిడ కాఫీ కప్పులు పట్టుకుని వచ్చి, "ఆ కిటికీలా? వాటిని మా ఆయన..." అని మొదలుపెట్టింది.

"ఇది మైకా, మా అభ్రకం, మేడమ్" అన్నాను ఆమె మాట మధ్యలోనే. "పాత కాలంలో ఇలాంటి పొయ్యిలకి ఇదే వాడేవాళ్లు. ఇండియా నుంచి వచ్చేది. మా ఊరి నుంచి." అక్కడి నుంచి గనులు, ఓడలు, మా అమ్మ పొరలు చీల్చే పద్ధతి, నాణ్యతలో రకాలు... ఆమె కాఫీ చల్లారిపోయింది. ఆమె మళ్లీ ఆ వాక్యం పూర్తి చేయలేదు. నేను అడగలేదు.

టెక్నీషియన్ పొయ్యి లోపల తల పెట్టి చూస్తోంది. "డాక్, మూలల్లో వెల్డింగ్ ఉంది."

"తర్వాత ఎవరో రిపేర్ చేసి ఉంటారు."

"తలుపు అంచు చుట్టూ గాలి పోకుండా తాడు సీలుంది. మా అమ్మమ్మ ఇంట్లో పాత పొయ్యికి ఇది లేదు. తర్వాత మా నాన్న కొన్న కొత్తదానికి ఉండేది."

"అదీ తర్వాత పెట్టిందే."

"ఈ అక్షరాల అంచులు కూడా మొద్దుబారి ఉన్నాయి."

"వందేళ్ల అరుగుదల."

ఆమె లేచి చేతులు దులుపుకుంది. "వెనక వేడి తగలకుండా రేకు ఉంది. దాన్ని విప్పి వెనక వైపు చూద్దామా?"

ఆ పొయ్యి నాలుగు వందల పౌన్లు ఉంటుంది. గోడకి జానెడు దూరంలో ఉంది. రేకు స్క్రూలు కింద మూలల్లో ఉన్నాయి. నా నడుము సంగతి నాకు తెలుసు. పైగా కావలసింది నాకు ముందు వైపే దొరికింది.

"అవసరం లేదు" అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి కెమెరా మూత పెట్టేసింది.

రిపోర్టు రాయడానికి నాకు వారం పట్టింది. సాధారణంగా రెండు రోజులు చాలు. మిగతా ఐదు రోజులూ అభ్రకం పేరా మీద గడిచాయి. కిటికీ నుంచి తెచ్చిన రేణువుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. అభ్రకం అభ్రకంలాగే ఉంది. అయినా, "ఇది భారతదేశపు తూర్పు తీరంలో దొరికే రకాన్ని పోలి ఉంది" అని రాశాను. పోలి ఉంది అనే మాట చాలా సదుపాయమైనది. దాంతో ఏమైనా రాయవచ్చు. పొయ్యి వయసు వందేళ్లకి పైమాటే అని తేల్చాను.

యజమాని చదివాడు. "ఈ ఇండియా పేరా అవసరమా?" అని అడిగాడు. ఆయన ఒక రిపోర్టు మీద ప్రశ్న అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"నిర్ధారణకి అదే కీలకం" అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. నన్ను నమ్మాడు మరి.

ఆ ఆదివారం చర్చిలో నేను ఆగలేకపోయాను. చాండ్లర్‌లో మా తెలుగు చర్చి ఒక స్కూలు భోజనశాలలో జరుగుతుంది. ఆరాధన అయ్యాక అక్కడే భోజనాలు. పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడి చెప్పాను. వందేళ్ల కిందట గూడూరు అభ్రకం ఓడెక్కి వచ్చి అరిజోనా కొండ మీద పొయ్యిలో కూర్చుందని, దాన్ని గూడూరు బిడ్డే కనిపెట్టాడని. చుట్టూ జనం పోగయ్యారు. మా పక్క ఊరి పెద్దావిడ ఒకామె, ఆమె అక్కా చెల్లెళ్లూ ఆ షెడ్లలోనే పనిచేశారు, కళ్లు తుడుచుకుంది. "ఎక్కడ గూడూరు, ఎక్కడ ఈ కొండలు! దేవుని పని చూడు నాయనా" అంది. పిల్లలు ఆ రోజు నుంచి నన్ను "స్టవ్ అంకుల్" అనడం మొదలుపెట్టారు. నాకు గర్వంగానే ఉండేది.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆవిడ కారు డ్రైవ్ చేస్తోంది. ఆమె నర్సు. ముప్పై ఏళ్లు హాస్పిటల్‌లో పనిచేసింది.

"ఏందండీ, మైకా పాతదైతే పొయ్యి పాతదయిపోతుందా?" అంది.

"అన్నీ కలిపి చూసి చెప్పాను."

"అన్నీ అంటే?"

"తేదీ, మైకా."

సిగ్నల్ దగ్గర ఆగి నా వైపు తిరిగింది. "మా దగ్గర పేషెంట్ చొక్కా చూసి వయసు రాస్తే ఉద్యోగం పోద్ది" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నవంబరు మొదటి వారంలో, నా రిపోర్టు ఆధారంగా, ఇన్సూరెన్స్ కంపెనీ ఆ పొయ్యిని వాడకూడదని ఉత్తరం పంపింది. పనివాళ్లు వచ్చి పొగగొట్టం ఊడదీసి, చిమ్నీ మూసి, పొయ్యిని వెనక కార్ల షెడ్డులోకి తోసేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. రిపోర్టు పంపాక ఆ కేసు గురించి ఆలోచించడం మా ఉద్యోగంలో అలవాటు లేదు. ఆ అలవాటు లేకపోవడాన్ని మేము వృత్తి ధర్మం అనేవాళ్లం.

నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగకి ముందు వారం నా డెస్క్ ఫోన్ మోగింది.

"డాక్టర్, నేను కొండ మీద నుంచి, పొయ్యి ఆవిణ్ణి" అంది. గొంతు చిన్నగా ఉంది. బస్సు చివరి సీటు దాకా వెళ్లేలా లేదు. "మీ రిపోర్టు కాపీ నాకూ పంపారు. మొత్తం చదివాను. చాలా బాగా రాశారు. మీ అమ్మగారి ఊరి గురించి కదా అది."

"థ్యాంక్యూ మేడమ్."

"ఒక్క సందేహం. ఆ కిటికీ రేకులు మా ఆయన ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో కొన్నాడు. అంతకు ముందు మామూలు గాజే ఉండేది. మీకు చెబుదామనుకున్నాను ఆ రోజు. ప్యాకెట్ ఇంకా సొరుగులో ఉంది. రెండు రేకులు మిగిలాయి. మీకేమైనా పనికొస్తాయా?"

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే పనికొస్తాయేమోనని అడిగింది. అది ఇంకా ఘోరం.

ఫోన్ పెట్టేశాక వర్క్‌షాపులోకి వెళ్లి టెక్నీషియన్‌కి చెప్పాను. ఆమె రంపం ఆపి, కళ్లద్దాలు తీసింది. "నేను చెప్పానుగా" అంటుందని ఎదురుచూశాను. అని ఉంటే తేలికయ్యేది.

"ఇప్పుడు అది షెడ్డులో ఉంటే వెనక వైపు చూడటం సులువే" అంది. "రేపు పొద్దున ఏడింటికి నీ ఇంటి దగ్గరికి వస్తాను."

యజమానికి కూడా చెప్పాను. ఆయన విని, తన కాపీ తీసి, సంతకం పెట్టిన చోట వేలితో రుద్దుతూ కాసేపు చూశాడు. "వెళ్లండి" అన్నాడు.

మర్నాడు కొండ మీద మంచు పడి ఉంది. ఇంటావిడ కోటు వేసుకుని తలుపు తీసింది. ఇంట్లో ఉన్నప్పుడు కూడా కోటే. మంచం వంటింట్లోకి వచ్చేసింది. ఒక చిన్న కరెంటు హీటర్ దాని పక్కన ఎర్రగా మండుతోంది. మిగతా ఇల్లంతా బయటిలాగే ఉంది. కిందటి వారం కరెంటు పోయినప్పుడు స్నానాలగది పైపు గడ్డకట్టి పగిలిందట. ముందు గదిలో ఇటుకల అరుగు ఖాళీగా ఉంది. కుక్క మాత్రం అక్కడే, ఖాళీ అరుగు ముందు పడుకుని ఉంది. ఈసారి అది రెండు కళ్లూ తెరిచి నన్ను చూసింది.

"మా అమ్మాయి తన దగ్గరికి వచ్చేయమంటోంది. ఈ కుక్కని అపార్ట్‌మెంట్‌లో ఉండనివ్వరు. అందుకని ఇక్కడే ఉన్నాం" అంది ఆవిడ. "కాఫీ పెట్టనా?"

తలూపి, షెడ్డు ఎటు అని అడిగాను.

షెడ్డులో టెక్నీషియన్ పొయ్యి వెనక కూర్చుని నాలుగు స్క్రూలు విప్పింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. వేడి రేకు పక్కకి తీసింది. దాని వెనక నల్లటి పెయింటు. ఆమె అరచేత్తో తడిమింది. ఒక చోట చేయి ఆగింది.

"ఇక్కడ ఏదో పలక ఉంది, డాక్. పెయింటు కింద."

పెయింటు కరిగించే ద్రావకం గుడ్డకి పూసి నాకు ఇచ్చింది. తనే చేయవచ్చు, కానీ నాకు ఇచ్చింది. నేను రుద్దాను. నల్లగా కారింది. లోపల నుంచి ఒక్కొక్క అక్షరమే పైకి వచ్చింది. మోడల్ పేరు. సీరియల్ నంబరు. భద్రతా పరీక్ష పాసైన గుర్తు. గోడకి ఎంత దూరంలో పెట్టాలో కొలతలు. చివరి వరసలో తయారైన నెల, సంవత్సరం.

నేను ఎమ్మెస్ చదవడానికి సూట్‌కేసుతో ఈ దేశంలో దిగిన సంవత్సరం అది. నేను వందేళ్లకి పైమాటే అని తేల్చిన పొయ్యి నాకంటే ఇరవై నాలుగేళ్లు చిన్నది.

తలుపుల మీది పూలు, ఆ తేదీ ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. ఎవరో పాత పొయ్యి తలుపునే నమూనాగా పెట్టి, ఇసుకలో అచ్చు తీసి, కొత్త ఇనుము పోశారు. అలా తీసిన నకలులో అక్షరాల అంచులు మొద్దుబారతాయి. నేను దాన్ని వందేళ్ల అరుగుదల అన్నాను. ఈ విషయం మీద నేను ఒకప్పుడు కాలేజీ పిల్లలకి క్లాసు కూడా చెప్పాను.

టెక్నీషియన్ ఫోటోలు తీసింది. తిరిగి వస్తూ కారులో గంటసేపటి తర్వాత, "నాన్న కొన్న పొయ్యికి కూడా లేబుల్ వెనకే ఉండేది" అంది.

"ఆ రోజే ఎందుకు గట్టిగా చెప్పలేదు?"

"నువ్వు మీ అమ్మ గురించి మాట్లాడుతున్నావు. మధ్యలో ఎలా వచ్చేది?"

ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన మనిషి నా మీద మర్యాదతో ఊరుకుంది, దానికి కొండ మీద ఒక ముసలావిడ చలిలో కూర్చుంది.

కొత్త రిపోర్టు రాసి పంపాను. అయిపోయిందనుకున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఒకే పొయ్యి మీద, ఒకే ల్యాబ్ నుంచి, ఒకే సంతకంతో రెండు రిపోర్టులు, ఎన్నో దశాబ్దాల తేడాతో వచ్చాయి, వీటిలో దేన్ని నమ్మాలో తెలియజేయగలరు అని. ఆ ఉత్తరంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేనైనా అలాగే రాసేవాణ్ణి. కానీ అది తేలేదాకా పొయ్యి షెడ్డులోనే ఉంటుంది.

యజమాని కాన్ఫరెన్స్ కాల్ ఏర్పాటు చేశాడు. మా వైపు ఆయన, నేను, టెక్నీషియన్. అటు వైపు ఒక మేనేజరు, వాళ్ల ఇంజనీరు, నోట్స్ రాసుకునే అమ్మాయి. నేను ముందు రోజు ఒక పేజీ తయారుచేసుకున్నాను. "అందుబాటులో ఉన్న పరిమిత సమాచారం దృష్ట్యా" అని మొదలయ్యే పేజీ. యజమాని దాన్ని చూసి, మడిచి, తన జేబులో పెట్టుకున్నాడు.

వాళ్ల ఇంజనీరు సూటిగా అడిగాడు. "మొదటి రిపోర్టులో వయసు తేల్చడానికి మీరు వాడిన పద్ధతి ఏమిటి?"

పేజీ జేబులో ఉంది. వంటింట్లోకి వచ్చిన మంచం మాత్రం కళ్ల ముందే ఉంది.

"హోమ్‌సిక్‌నెస్" అన్నాను.

అటు టైపింగ్ చప్పుడు ఆగింది. నోట్స్ రాసుకునే అమ్మాయి మెల్లగా అడిగింది: "సారీ, అది టెస్ట్ పేరా?"

"కాదమ్మా. ఆ కిటికీల్లో మా ఊళ్లో దొరికే ఖనిజం కనబడింది. అది చూశాక మిగతావి చూడటం మానేశాను. వెల్డింగు చూడలేదు, సీలు చూడలేదు, మొద్దుబారిన అక్షరాలు చూడలేదు, వెనక వైపు అసలే చూడలేదు. మా టెక్నీషియన్ మొదటి మూడింటినీ చూపించింది. వెనక రేకు విప్పుదామని కూడా అడిగింది. నేను వద్దన్నాను. మొదటి రిపోర్టు తప్పు. ఆ తప్పు నాది. రెండో రిపోర్టులో నా అభిప్రాయం ఏమీ లేదు, లేబుల్ ఫోటో ఉంది. దయచేసి దాన్ని చూడండి."

మేనేజరు, "ఆ ఫోటో తీసింది ఎవరు?" అని అడిగాడు.

"నేను" అంది టెక్నీషియన్.

"అయితే రెండో రిపోర్టు మీద మీ సంతకం కూడా పెట్టి పంపండి" అన్నాడు. మా ల్యాబ్‌లో టెక్నీషియన్లు రిపోర్టుల మీద సంతకం పెట్టే పద్ధతి లేదు. యజమాని ఆమె ముందుకి పెన్ను జరిపాడు. ఆ రోజు నుంచి ఆ పద్ధతి వచ్చింది.

ఇక మిగిలింది చర్చి. మా ఆరాధనలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ ఆదివారం నేను లేచాను. "నెల కిందట మీ అందరికీ ఒక తప్పుడు సాక్ష్యం చెప్పాను" అని మొదలుపెట్టాను. పొయ్యి కథంతా చెప్పాను. హార్డ్‌వేర్ షాపు దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లో నవ్వు మొదలైంది. పాస్టరుగారు కూడా తల దించుకున్నారు, ప్రార్థనకి కాదు. అంతా అయ్యాక ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ఆమె మొహం చూడటానికి నాకు భయమేసింది.

"అయితే ఆ ముసలామె ఇన్నాళ్లూ చలిలో ఉందా నాయనా?" అంది.

"ఉందండీ."

"మైకా సంగతి పోనీ. ముందు ఆమె పొయ్యి సంగతి చూడు" అంది.

డిసెంబరు మధ్యలో అనుమతి వచ్చింది. పొగగొట్టాల మనిషి శనివారం వచ్చి బిగిస్తానన్నాడు. నేనూ వెళ్లాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, నా వల్ల అక్కడ ఉపయోగమూ లేదు. పొయ్యిని షెడ్డులోంచి తోసేటప్పుడు ఒక చివర పట్టుకున్నాను. నడుము పట్టేసింది. అది నాకు న్యాయంగానే అనిపించింది.

పొగగొట్టాల మనిషి లేబుల్ మీది కొలతలు చూసి గోడకి దూరం సరిచేశాడు. కిటికీల్లో అభ్రకం తీసేసి, పరీక్ష పాసైనప్పుడు ఉన్నటువంటి గాజే పెట్టాడు. మంట అంటించే పని ఇంటావిడది. కాగితాలు, చిన్న పుల్లలు, వాటి మీద రెండు దుంగలు. అరగంటలో ఇల్లు మారిపోయింది. ఆవిడ కోటు విప్పి కుర్చీ మీద వేసింది. నేను ఆమెని కోటు లేకుండా చూసి రెండు నెలలైంది.

అప్పుడు అడిగాను. "మేడమ్, ఒక్కటి అర్థం కాలేదు. మామూలు గాజు తీసేసి మీవారు అభ్రకం ఎందుకు పెట్టారు? వెనక లేబుల్ మీద పెయింటు కూడా ఆయనే వేశారా?"

"లేబుల్ సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలియదు" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "కానీ చూడగానే అర్థమైంది. ఆయన బస్సుల మెకానిక్కు. నోరు విప్పితే కోతలు. ఈ పొయ్యి కొన్న రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఇది వందేళ్ల నాటిది, బంగారం కోసం వచ్చినవాళ్లు బండి మీద తెచ్చారు అని చెప్పేవాడు. ఒక్కడూ నమ్మలేదు. ఎవడో వెనక్కి వెళ్లి లేబుల్ చదివి పట్టేసి ఉంటాడు. అందుకే పెయింటు కొట్టి, మీద ఆ రేకు బిగించాడు. పాత పొయ్యిలకి ఇవి ఉండేవని ఎక్కడో విని, కిటికీలు మార్చాడు. అయినా నమ్మలేదెవరూ."

నేను కుర్చీలో కూర్చున్నాను. నా పీహెచ్‌డీ, మైక్రోస్కోపు, ముప్పై ఏళ్ల అనుభవం అన్నీ కలిసి ఒక బస్సు మెకానిక్కు చేసిన కోతలో పడ్డాయి. ఆయన నేను వస్తానని ఎదురుచూడలేదు. ఎవరైనా వస్తే చాలనుకున్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చింది. నా మొదటి రిపోర్టు. పేజీలు నలిగి ఉన్నాయి.

"ఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని చింపేయమన్నారు. నేను ఉంచుకుంటాను" అంది. "ఆయన చెప్పింది నమ్మిన చదువుకున్న మనిషి మీరొక్కరే. ఆయన బతికుంటే దీన్ని ఫ్రేమ్ కట్టించి, రోజూ మీకు ఫోన్ చేసి నవ్వేవాడు. ఇది ఫోటోకాపీ. సంతకం సరిగ్గా పడలేదు. ఇంకోసారి పెడతారా?"

నేను పెన్ను తీశాను. మొదటి పేజీ మీద, "వయసు: వంద సంవత్సరాలకు పైమాటే" అన్న వరస కింద, పూర్తి పేరు, డిగ్రీలతో సహా రాసి, సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాను.